అక్క కారుకి టైలరు వేసిన రంగు

టైలరుకి డ్రైవింగు రాదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఆయన ఇంటి పక్క రేకుల షెడ్డులో కూర్చుని కారు బానెట్టు మీద గరుకు కాగితం పెట్టి రుద్దుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు.

"ఏం మాస్టారూ, కారుకి చొక్కా కుడుతున్నారా?"

"ముందు పాత చొక్కా విప్పుతున్నా."

అంతే. నవ్వి వాళ్లు వెళ్లిపోయేవారు. ఆయన మళ్లీ కాగితం నీళ్లలో ముంచి రుద్దుకునేవాడు. రోజు మొత్తంలో ఆయన ఆడే మాటలు ఇలాంటివే నాలుగైదు ఉండేవి. మిగతావి అంకెలు. ఛాతీ ఇంత, నడుము ఇంత, చెయ్యి పొడుగు ఇంత. కొలతలు తీసుకునేటప్పుడు తప్ప ఇంకో మనిషిని తాకి ఎన్నాళ్లయిందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే బాధగా ఉంటుందని ఆలోచించలేదనుకోవాలి.

కారు ఆయనది కాదు, అక్కది.

అక్క ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. చదువు వాడి ఒంటికి పడదని తెలుసుకుని, కత్తెర చేతికిచ్చి ఒక టైలరు దగ్గర కూర్చోబెట్టింది కూడా తనే. పెళ్లి మాట వస్తే "ముందు వాడిది కానీ" అని అక్కా, "ముందు అక్కది కానీ" అని తమ్ముడూ అంటూ అంటూ ఇద్దరికీ జుట్టు నెరిసింది. ముందు గది దుకాణం, వెనక గది అక్కది, వంటగది ఇద్దరిదీ. అక్క డ్యూటీ దిగి వచ్చినప్పుడు వీధి మలుపులో రెండుసార్లు పొట్టిగా హారను కొట్టేది. ఆ హారను వినగానే తమ్ముడు మిషను ఆపి, టీకి నీళ్లు పెట్టేవాడు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి నీళ్లు మరిగేవి. తాగేటప్పుడు పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. మాట్లాడుకోవలసిన అవసరం వాళ్లకి ఉండేది కాదు.

అలాంటి అక్క యాభై దాటాక పెళ్లి చేసుకుంది.

ఆయన ఒక పంపుల కంపెనీలో స్టోరుకీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. తన అన్నని ఆసుపత్రిలో చేర్పించి, పక్కనే స్టూలు మీద కూర్చుని, నర్సమ్మ వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడట. అన్న కోలుకుని ఇంటికి వెళ్లినా ఈయన రావడం మానలేదు. మంచివాడు. తిట్టుకుందామన్నా టైలరుకి ఒక్క కారణం దొరకలేదు. పెళ్లికోటు కూడా టైలరే కుట్టాడు. టేపు చాచి, తన ఇంటి మనిషిని తీసుకెళ్లబోయే మనిషి భుజాల వెడల్పు కొలుస్తూ, "గాలి పీల్చి బిగపట్టకండి బావగారూ, మామూలుగా నిలబడండి" అన్నాడు. కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలనిదే ఆయన ఏ బట్టా కుట్టడు. బావ కోటుకీ వదిలాడు.

"అదెందుకు, దండగ కదా?" అన్నాడు బావ.

"లావైతే విప్పి కుట్టుకోవచ్చు. మళ్లీ నా దగ్గరికే రావాలి కదా మరి."

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టిందీ టైలరే. అక్క రెండు పెట్టెలతో బావ బండెక్కి, సగం రోజు దూరంలో ఉన్న ఊరు వెళ్లిపోయింది. బండి కదిలేముందు అద్దం దించి, "ఆ పాత కారు ఎవడికైనా ఇచ్చెయ్యరా చిన్నోడా. నీకెలాగూ నడపడం రాదు" అంది.

"ఇస్తాలే" అన్నాడు. ఇవ్వలేదు.

*

ఆదివారం ఆదివారం ఫోను వచ్చేది. మొదట్లో చాలాసేపు మాట్లాడేది అక్క, కొత్త ఇల్లు, కొత్త మేడమెట్లు, పక్కింటివాళ్ల కుక్క అంటూ. ఆ తర్వాత మాటలు తగ్గాయి. "తిన్నావా?" "తిన్నా." "దుకాణం ఎలా ఉంది?" "బాగుంది." "ఒంట్లో ఎలా ఉంది?" "బాగుంది." ఆ మీద ఇద్దరూ ఫోను పట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు వినేవారు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి మాట అక్కర్లేకుండా బతికిన ఇద్దరికి, ఇప్పుడు మాట తప్ప ఇంకేమీ మిగలలేదు. ఆ మాటలేమో ఇద్దరికీ చేతకావు.

ఒక ఆదివారం ఆ మౌనం మరీ ఎక్కువైంది. ఇంకొక్క క్షణం ఆగితే అక్క "సరే మరి" అంటుందని తెలిసిపోయింది. "సరే మరి" తర్వాత ఏమీ ఉండదు.

"నీ కారుకి రంగు వేస్తున్నా" అన్నాడు టైలరు. అప్పటిదాకా ఆ ఆలోచన ఆయన బుర్రలో కూడా లేదు.

"ఏమిటీ?"

"ఎండకి పైరంగంతా పెచ్చులు లేచిపోయింది కదా. వేస్తున్నా."

"నువ్వా? జన్మలో గోడకి సున్నం వేశావురా నువ్వు?"

"గోడ వేరు, కారు వేరు."

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ రోజు ఫోను ఎంతసేపు సాగిందంటే ఇస్త్రీబల్ల మీద పెట్టిన టీ చల్లారిపోయింది. ఏ రంగు వేయాలి, ఎక్కడ సొట్ట ఉంది, ఆ సొట్ట ఏ అంబులెన్సు డ్రైవరు పుణ్యం, అన్నీ చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "మీ బావ బండి నన్ను ముట్టుకోనివ్వడురా. పక్క సీట్లో కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది. నిజంగా బాగుచేశావంటే చెప్పు, వచ్చి నా కారు నేను తెచ్చుకుంటా. వచ్చిన రోజు మనిద్దరం ఒక చుట్టు తిరిగొద్దాం" అంది.

ఫోను పెట్టేసి టైలరు షెడ్డులోకి వెళ్లి కారు ముందు నిలబడ్డాడు. ఒకప్పుడు పండిన ద్రాక్ష రంగులో మెరిసిన కారు, ఇప్పుడు సుద్దముక్కతో పులిమినట్టు పాలిపోయి ఉంది. ఇది పూర్తయితే అక్క వస్తుంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి ఏమీ తెలియదు.

*

పెద్ద వీధి చివర, కార్ల సొట్టలు తీసి రంగులు కొట్టే షెడ్డు ఒకటుంది. దాని పెయింటరు టైలరు దగ్గరే ప్యాంట్లు కుట్టించుకుంటాడు. మాట మోటు, చెయ్యి మెత్తన.

"నాకిచ్చెయ్యండి, నేను కొట్టిపెడతాను" అన్నాడు పెయింటరు.

"నేనే వేయాలి."

"రాదు కదా?"

"నీ మొదటి కారు నాటికి నీకు వచ్చా?"

పెయింటరు బుర్ర గోక్కున్నాడు. "రాలేదనుకోండి. మా గురువు చెంప పగలగొట్టాడు. మీకు పగలగొట్టేవాళ్లు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాడు టైలరు. తమాషాకి అన్న మాట కాస్తా అక్కడే ఆగిపోయింది. పెయింటరు చూపు తిప్పుకుని, మూలనున్న పాత కంప్రెసరు వైపు చెయ్యి చూపించాడు. "అది తీసుకెళ్లండి. రంగు కొట్టే గన్ను కూడా. కడిగి తిరిగివ్వాలి. కడగకుండా ఇచ్చారో, నా ప్యాంట్లు వేరే టైలరుకి."

ఎలా చేయాలో పెయింటరు నోటితో చెప్పాడు. టైలరు చేత్తో నేర్చుకున్నాడు. పాత రంగు ఊడే చోట ఊడేదాకా రుద్దడం. సొట్టలో పుట్టీ పెట్టి, ఆరాక మళ్లీ రుద్దడం. దాని మీద ప్రైమరు. ప్రైమరు మీద మళ్లీ రుద్దడం. కారుకి రంగు వేయడం అంటే ముప్పావు వంతు రుద్దడమేనని ఆయనకి తొందరగానే తెలిసింది. అందుకు ఆయనకేమీ ఇబ్బంది లేదు. ఇంకో విషయంలో ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కళ్లు మూసుకుని అరచెయ్యి జరిపితే, కంటికి కనబడని గీత కూడా వేలి కొసకి తగిలేది. జీవితమంతా గుడ్డ నేత వేళ్లతో చదివిన మనిషి మరి.

గన్ను పట్టుకోవడం మాత్రం చచ్చినా రాలేదు. ఒక పాత డ్రమ్ము మీద మొదటిసారి కొట్టినప్పుడు రంగు ఏడుస్తున్న పిల్ల ముక్కులా కారింది. రెండోసారి దూరంగా పెట్టి కొడితే ఇసుక చల్లినట్టు పొడిపొడిగా పడింది. ఆ డ్రమ్మునే తుడిచి, కొట్టి, మళ్లీ తుడిచి, చెయ్యి మిషను మీద గుడ్డ నడిచినంత నిదానంగా నడిచేదాకా కొట్టాడు.

ప్రతి ఆదివారం అక్కకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

"సొట్ట నిండిందా?"

"నిండింది. వేలు పెడితే తెలీదు."

"తలుపు హ్యాండిలు దగ్గర నా గోటి గీతలుంటాయి చూడు, డ్యూటీకి ఆలస్యమైన రోజువి."

"చూశా. రుద్దేశా."

"అన్నీ రుద్దేశావా?" అంది అక్క, ఏదో పోయినట్టు. వెంటనే "మంచిదేలే" అంది.

రంగు అక్కే చెప్పింది, నీలం కలిసిన వెండి రంగు. డబ్బా కలిపితే అడుగున సన్నటి మెరుపు పొడి తిరిగేది, చెరువులో చేపపిల్లలు పొట్ట చూపించి తిరిగినట్టు.

ఇక అసలు పని. ఇక్కడే టైలరు టైలరు బుద్ధి చూపించాడు. ఏ బట్టనైనా ఆయన బల్ల మీద పరిచి, ముక్కలుగా కోసి, దేని పని దానికి పూర్తిచేసి, ఆఖరున కలిపి కుడతాడు. కారునీ అలాగే చేశాడు. బానెట్టు, నాలుగు తలుపులు, డిక్కీ మూత విప్పాడు. ఏ ముక్క నట్లు ఆ ముక్కవి విడివిడిగా బొత్తాల డబ్బాల్లో వేసి, మూత మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. కోత బల్లని షెడ్డులోకి లాగి, ఒక్కొక్క ముక్కనీ దాని మీద పడుకోబెట్టి, తీరిక దొరికినప్పుడల్లా ఒకటి చొప్పున రంగు కొట్టాడు. ఒకటి తల ఇటు పెట్టి, ఒకటి తల అటు పెట్టి, బల్ల మీద ఎలా ఇమిడితే అలా. విప్పగా మిగిలిన కారు ఒంటికి నిలబడి ఉండగానే కొట్టాడు. అద్దాల మీద కప్పడానికి దుకాణంలోని పాత కాగితపు నమూనాలే వాడాడు. ముందు అద్దం మీద అతికించింది అక్క యూనిఫారం కోటు నమూనా. వీపు భాగం, రెండు చేతులు. దాని మీద రంగు తుంపర పడుతుంటే ఒకసారి చెయ్యి ఆగింది, అంతే.

ప్రతి ముక్కా విడిగా చూస్తే అద్దంలా ఉంది. "అయిపోయింది. ఈ ఆదివారం వచ్చెయ్" అన్నాడు ఫోనులో.

"నిజంగానా? వస్తున్నా. ఆదివారం పొద్దున బస్సుకే వస్తున్నా."

*

వారం మధ్యలో ముక్కలన్నీ బిగించి, పెయింటరుని పిలిచి, ఇద్దరూ కలిసి కారుని షెడ్డులోంచి ఎండలోకి నెట్టారు.

పెయింటరు ఒక చుట్టు తిరిగాడు. నోరు అదుపులో పెట్టుకోవాలని చూశాడు గానీ వీలుకాలేదు. "మాస్టారూ, ఇది కారా, ముక్కల దుప్పటా?"

ముందు తలుపు నల్లగా ఉంది. వెనక తలుపు తెల్లగా ఉంది. బానెట్టు ఒక వైపు నుంచి చూస్తే నీలం, ఇంకో వైపు నుంచి చూస్తే బూడిద. ఒళ్లు వేరే.

"రంగు తేడాగా కలిపారు."

"ఒకే డబ్బా. ఒకేసారి కలిపి పెట్టుకున్నా."

"అయితే చెయ్యి తేడా."

"చెయ్యీ ఒకటే."

"ఏమో మరి" అని పెయింటరు గడ్డం నిమురుకున్నాడు. "ఆదివారం మీ అక్కగారిని చీకటి పడ్డాక రమ్మనండి" అని నవ్వి, టైలరు నవ్వకపోవడం చూసి, భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బడిలో నాటకాలు వేయించే టీచరమ్మ స్టేజీ తెర కోసం వెల్వెట్టు గుడ్డ తెచ్చింది. "అందరం చేతులు కాల్చుకోకుండా మీకే ఇచ్చేస్తున్నాం" అని నవ్వి, తొందరేం లేదని చెప్పి పోయింది. టైలరు మనసు కారు మీదే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వెల్వెట్టుని బల్ల మీద పరిచాడు. అరచేత్తో ఒక వైపు నిమిరాడు. నున్నగా, లేతగా ఉంది. ఎదురు నిమిరాడు. గరుకుగా, నల్లగా మారింది. అలవాటు ప్రకారం సుద్ద తీసి, గుడ్డ వెనక ప్రతి ముక్క మీదా నూగు వాలే వైపుకి బాణం గుర్తు గీశాడు. అన్ని బాణాలూ ఒకే వైపు ఉండాలి. ఒక్క ముక్క తిరగబడినా తెర మీద ఆ ముక్క వేరే గుడ్డలా కనబడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పే మొదటి పాఠం అది.

నాలుగో బాణం గీస్తుంటే సుద్ద విరిగింది.

లేచి తిన్నగా పెయింటరు షెడ్డుకి నడిచాడు. టేపు మెడలోనే ఉంది. పెయింటరు చేతులు కడుక్కుంటున్నాడు.

"వెల్వెట్టుకి నూగుంటుంది. ఒకవైపు వాలి ఉంటుంది. ఆ రంగులో మెరుపు పొడికి కూడా అలాంటిదేమైనా ఉందా?"

పెయింటరు కొళాయి కట్టేశాడు. "బల్ల మీద పడుకోబెట్టి కొట్టారా ఏమిటి?"

"ఊఁ."

"తలా తోకా చూడకుండా? తలో రోజు?"

"ఊఁ."

"అయ్యో మాస్టారూ! పడుకోబెడితే పొడి అడుక్కి దిగిపోతుంది. నిలబెడితే ఉన్నచోటే పట్టుకుంటుంది. తడి ఎక్కువైతే ఒక రంగు, తక్కువైతే ఒక రంగు. అందుకే అన్నీ బిగించాక, నిలబెట్టి, ఒకే ఊపులో చుట్టూ కొడతాం. ఇది నేను చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మీరు అడగలేదు. పడుకోబెట్టి కొడతారని నేను కల కన్నానా?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "వదిలెయ్యండి. ఆవిడేం కారు పోటీకి తీసుకెళ్తుందా? నీడలో చూస్తే తేడా తెలీదు."

టైలరు ఇంటికి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. నీడలో నిజంగానే తేడా తెలియడం లేదు. ఆదివారం అక్క వస్తుంది. హారను రెండుసార్లు కొడుతుంది. ఆవిడకి చత్వారం, పట్టించుకోదు. పట్టించుకున్నా ఏమీ అనదు. ఆ తర్వాత ఎప్పుడు ఎండలో ఆపినా, ఎవరో ఒకరు "ఇదెవరు వేశారండీ?" అంటారు. అక్క "మా తమ్ముడు" అంటుంది. ఆ మాట గర్వంగానే అంటుంది. అదే ఆయన భరించలేకపోయాడు.

ఫోను తీశాడు.

"అక్కా, ఈ ఆదివారం రావద్దు."

"ఏరా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నా. రంగు కుదరలేదు. మొత్తం మళ్లీ వేయాలి."

"నాలుగు చక్రాలు తిరుగుతున్నాయా లేదా? అది చాలు నాకు. బస్సు టిక్కెట్టు కూడా కొనేశాను."

"తలుపు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు."

"ఉంటే ఉండనీరా. నా మొహం మాత్రం ఒకే రంగులో ఉందా?"

"ఒక చెయ్యి నల్లగా ఒక చెయ్యి తెల్లగా ఉన్న కోటు నేను ఎవరికైనా ఇచ్చి పంపానా?"

అక్క మామూలు గొంతుతో, రోగికి చెప్పినట్టు చెప్పింది. "చూడు చిన్నోడా. ఇది దాటితే మీ బావకి కంటి ఆపరేషను. ఒకటయ్యాక రెండోది. చుక్కలు వేయడానికి, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేనే ఉండాలి. మళ్లీ ఎప్పటికి కదులుతానో నాకే తెలీదు."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?"

"ఊఁ."

"మొండి వెధవా" అని పెట్టేసింది.

ఆ ఆదివారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. టైలరు రెండు కప్పుల నీళ్లు పెట్టి, మరిగాక చూసుకుని, ఒక కప్పు పారబోశాడు.

*

మళ్లీ రుద్దడం. తన చేత్తో వేసిన రంగుని తన చేత్తోనే తీసెయ్యడం. ఈసారి దారిన పోయేవాళ్లు కూడా ఆగడం మానేశారు. ఫోను కూడా ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చినా ఆసుపత్రి వరండాలోంచి, మధ్యలో ఎవరో పిలుస్తుంటే తెగిపోయేది. తిన్నావా, తిన్నా. బావకి ఎలా ఉంది, పరవాలేదు. కారు సంగతి ఆవిడా ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు.

వర్షాలు వచ్చాయి. తడి గాలిలో రంగు పాలిపోతుందని పెయింటరు చెయ్యి అడ్డం పెట్టాడు. టైలరు ఆగాడు. తెర కుట్టి ఇచ్చాడు, ప్యాంట్లు కుట్టాడు, బొత్తాలు కుట్టాడు. సాయంత్రాలు షెడ్డులో స్టూలు వేసుకుని, నట్లు బిగించి నిలబెట్టిన కారు పక్కన ఊరికే కూర్చునేవాడు. ప్రైమరు బూడిద రంగులో అది మొహం కడుక్కుని ఇంకా తుడుచుకోని మనిషిలా ఉండేది.

గాలి లేని ఒక పొద్దున, నేల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, కాగితాలు అతికించి, గన్ను చేతిలోకి తీసుకున్నాడు. పైపు భుజం మీద వేసుకుని, నిలబడ్డ మనిషికి ట్రయలు వేసి చుట్టూ తిరిగి చూసినట్టు, కారు చుట్టూ ఆగకుండా నడిచాడు. తలుపు దగ్గర మొదలై, వెనక్కి వెళ్లి, అటు నుంచి ముందుకి వచ్చి, మళ్లీ తలుపు దగ్గరికి. అడుగు తడబడలేదు, మణికట్టు వంగలేదు. ఆరాక ఇంకో చుట్టు, ఆపైన ఇంకోటి. ఆ మీద మెరుగు పూత. గన్ను ఆపాక చెవుల్లో నిశ్శబ్దం గుయ్‌మంది.

పెయింటరు వచ్చి చుట్టూ తిరిగి, వంగి వంగి చూశాడు. చివరికి "కింద అంచు దగ్గర కొంచెం నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది" అన్నాడు. ఇంకేం వంక దొరకలేదని దానర్థం. తర్వాత పెట్రోలు మూత తలుపు తెరిచి, "ఇదిగో, లోపల పాత రంగు అలాగే ఉంది. మర్చిపోయారు" అన్నాడు.

"తెలుసు."

"టేపు వేసి మరీ మూశారే!"

"ఊఁ" అని టైలరు ఆ చిన్న తలుపు మూసేశాడు.

*

అక్క బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. కాస్త చిక్కింది. సంచిలో తన పాత తాళంచెవి. కారు ఎండలో ఉంది. ఆవిడ చుట్టూ తిరిగింది. హ్యాండిలు దగ్గర, తన గోటి గీతలుండే చోట, వేలుతో రాసి చూసింది.

"చిన్నోడా" అంది.

"ఏంటి?"

"ఏం లేదు. ఎక్కు."

ఇద్దరూ కలిసి చెరుకుతోటల దారిన తిరిగొచ్చారు. అక్క గేరు మారుస్తుంటే టైలరు ఎదర రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. బావ చూపు బాగుపడిందట. కోటు బిగుతయిందట. ఈ మాటలు తప్ప ఇంకేమీ అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ రాలేదు. ఇంటికొచ్చి టీ తాగారు.

"పొద్దు వాలకముందే బయల్దేరాలిరా. ఆయన ఒక్కడూ ఉన్నాడు" అంది అక్క. ఆ మాట అన్నాక కప్పులోకి చూసుకుంది.

"ఊఁ. వెళ్లు."

వీధి మలుపులో రెండుసార్లు పొట్టిగా హారను మోగింది. టైలరు చెయ్యి అలవాటుగా స్టవ్వు వైపు వెళ్లింది. ఆ హారను వెళ్లేటప్పటిదని తట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

షెడ్డు ఊడ్చాలని వెళ్లాడు. నేల మీద కారు ఆకారం ఉంది. చుట్టూ తుంపర పడి వెండి రంగు, మధ్యలో కారు నిలబడ్డ మేర ఉత్త సిమెంటు. చక్రాలుండిన చోట నాలుగు మచ్చలు. చీపురు పట్టుకుని అంచు దగ్గరే నిలబడ్డాడు. ఆ ఖాళీలోకి అడుగు పెట్టబుద్ధి కాలేదు.

ఫోను మోగింది. అవతల లారీల చప్పుడు.

"ఒరేయ్, పెట్రోలు బంకులో ఉన్నా. మూత తీస్తే లోపలంతా పాత ద్రాక్ష రంగేరా! ఇక్కడి అబ్బాయి నవ్వుతున్నాడు. మర్చిపోయావా?"

"ఆఁ. మర్చిపోయా."

ఆయన కుట్టిన ప్రతి కోటు లోపలా ఎంత గుడ్డ ఉంటుందో అక్కకి తెలుసు.

"అయితే మళ్లీ తేవాల్సిందే" అంది. "ఆ కోటు కూడా పట్టుకొస్తా."

"తీసుకురా."

ఫోను జేబులో పెట్టుకుని టైలరు చీపురు గోడకి ఆనించాడు. అరలోంచి రంగు డబ్బా దించి చూశాడు. అడుగున ఇంకా కాస్త ఉంది. గాలి చొరబడకుండా మూత మీద గుడ్డముక్క వేసి, చుట్టూ గట్టిగా దారం కట్టి, నీడపట్టున పెట్టాడు.